యతిమైత్రీ, యంత్రమైత్రీ



ముప్పైరెండేళ్లు ఉన్నత పాఠశాలలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పొందినవాడికి గేమింగ్ కంప్యూటరుతో ఏమి పని అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. పనిపడింది కాబట్టే ఈ టపా వ్రాస్తున్నాను. 2024 వేసవిలో మా మనుమరాలి కోసం ఒక యంత్రాన్ని విడిభాగాలుగా ఎంచి, కొని, ఇంట్లోనే కూర్చాము. తక్కువ డబ్బుతో మొదటిసారి ఈ పనికి పూనుకొనేవారు ఎవరైనా ఉంటే వారికి ఇందులో కొంత ఉపయోగపడవచ్చు.

ఒక మాట ముందే మనవి చేసుకొంటాను. మన బ్లాగరులలో ప్రతి ఆంగ్లపదానికీ తెనుగు మాట సృష్టించాలన్న ఉబలాటం ఉన్నవారు చాలామంది. నేనూ ఆ తానులో ముక్కనే. కాని సికింద్రాబాదు అంగడిలో నిలబడి "సంసాధకం ఎంత?" అని అడిగితే బేరం ముందుకు సాగదు. అందువల్ల ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ అని అక్కడ పలికే మాటలనే వాడుతాను. ఒక్క "కంపాటిబిలిటీ"కి మాత్రం "మైత్రి" అనే మాటను వదులుకోలేను.

డబ్బు సంగతి చెప్పకపోతే మిగిలినది అర్థం కాదు. 2019 ఏప్రిల్‌లో నా శ్రీమతి తపాలా కార్యాలయంలో నెలకు 800 రూపాయల చొప్పున అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్టు మొదలుపెట్టింది. మనుమరాలు పదోతరగతి దాటేనాటికి దాని చెవులకు జుంకాలు చేయించాలని ఆమె సంకల్పం. 2022లో ఆమె వెళ్లిపోయింది. ఖాతాను నేను కొనసాగించాను. 2024లో గడువు తీరి చేతికి వచ్చినది సుమారు 58,000 రూపాయలు.

మనుమరాలు జుంకాలు వద్దన్నది. "తాతయ్యా, అమ్మమ్మ డబ్బుతో కంప్యూటరు కొనుక్కుంటాను. ఆటలూ ఆడతాను, వాటిలో బొమ్మలు ఎలా చేస్తారో అదీ నేర్చుకుంటాను" అన్నది. మా అమ్మాయి రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. "అమ్మ ఆ డబ్బు ఎందుకు దాచిందో నీకు తెలుసు కదా నాన్నా" అన్నది తప్ప మరేమీ అనలేదు. అల్లుడు వ్యవహారజ్ఞుడు. "మామయ్యగారూ, కొనేదే అయితే సెట్టుగా కొనేద్దాం. విడివిడిగా కొన్నాక ఒకటి పనిచేయకపోతే ఎవరిని అడుగుతాం?" అన్నాడు. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. నేను రెండువేలు కలిపి 60,000 చేశాను. అంతకు మించి లేదు, రెండో అవకాశమూ లేదు. జుంకాలు నచ్చకపోతే కరిగించి మరొకటి చేయించుకోవచ్చు. పొత్తు కుదరని యంత్రభాగాలు కరగవు.

అల్లుడు ఒక దుకాణం నుంచి కొటేషను తెప్పించాడు. 48,000 రూపాయలకు ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు, అద్దాల క్యాబినెట్టు, అందులో రంగులు మారే ఆరు ఫ్యాన్లు. చదవడానికి దండకంలా గంభీరంగానే ఉన్నది. మనుమరాలు ఒక్కటే అడిగింది: "ఏ ఐ7?" ఫోను చేసి కనుక్కొంటే అది ఐ7 3770. 2012లో వచ్చినది. అంటే మనుమరాలు నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పటిది. విండోస్ 11ను అధికారికంగా ఒప్పుకొనే ప్రాసెసర్ల జాబితాలో అది లేదు. దానికి పట్టే ర్యామ్ డీడీఆర్3. మున్ముందు ఏ కొత్త బోర్డులోనూ పనికిరాదు. కార్డు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ. దాని కథ కాస్త విడమరచి చెప్పవలసినది.

గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసరుకూ మధ్య రాకపోకలు జరిగే దారిని పీసీఐ ఎక్స్‌ప్రెస్ అంటారు. అందులో కొన్ని బాటలు ఉంటాయి. పెద్ద కార్డులు పదహారు బాటలు వాడుకొంటాయి. 6500 ఎక్స్‌టీకి ఇచ్చినవి నాలుగే. నాలుగో తరం దారిలో ఒక్కొక్క బాటలో సెకనుకు సుమారు రెండు జీబీ పోతుంది కాబట్టి మొత్తం ఎనిమిది. మూడో తరం దారిలో అందులో సగమే. ఆ పాత ఐ7తో ఎంత మంచి బోర్డు పెట్టినా మూడో తరాన్ని దాటదు. పైగా కార్డు సొంత మెమొరీ 4 జీబీ. నేటి ఆటలకు అది చాలదు. చాలనప్పుడు కావలసిన సరుకును మాటిమాటికీ ర్యామ్ నుంచి ఆ సన్నని దారిలోనే మోసుకురావాలి. ఇరుకు సందులో పెళ్లివారి బస్సు ఇరుక్కొన్నట్లు ఆట ఆగి ఆగి నడుస్తుంది.

గమనించండి, ఆ సెట్టులో ఏ భాగమూ మరొక భాగంలో అమరకపోవడం లేదు. అన్నీ అమరుతాయి, దీపం వెలుగుతుంది. వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. లేనిది ఔచిత్యం. పదకొండో శతాబ్దిలో కాశ్మీరంలో క్షేమేంద్రుడనే ఆలంకారికుడు ఈ ఔచిత్యం మీదనే ఒక గ్రంథం రచించాడు. నడుముకు పెట్టుకోవలసిన ఆభరణాన్ని మెడలో వేసుకొంటే నవ్వులపాలే అని ఆయన భావం. ఆ నగలో లోపం ఉండదు, మెడలోనూ ఉండదు. ఈ మాట చెబితే మా మనుమరాలు, "తాతయ్యా, దీన్నే మేము బాటిల్‌నెక్ అంటాం" అన్నది. సీసా మూతి అన్నమాట. మెడ దగ్గరే వచ్చింది చిక్కు!

ఇక మైత్రి. పద్యం అల్లినవారందరికీ తెలిసినదే: మ, య అక్షరాలు చూపునకు అక్కచెల్లెళ్లలా ఉంటాయి; యతిస్థానంలో వాటికి పొత్తు లేదు. అ, హ లకు రూపంలో పోలికే లేదు. వాటికి చక్కని మైత్రి ఉన్నది. కంప్యూటరు భాగాలకూ సరిగ్గా ఇదే న్యాయం. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్ పలకలు పక్కపక్కన పెడితే కవలలే. కాని అడుగునున్న గంటు చోటు మారింది. ఒకదాని అరలో మరొకటి దిగదు. చేతిలో బంకపలక అంత ఉండే ఎం.2 నిల్వపలకలలోనూ రెండు జాతులున్నాయి: పాత సాటా పద్ధతివి, వేగమైన ఎన్‌విఎమ్ఈ పద్ధతివి. ఆకారం ఒకటే, బోర్డు మీది అర అన్నిచోట్లా రెండింటినీ అంగీకరించదు. అసలైన ప్రమాదం కరెంటు తీగల దగ్గర ఉన్నది. ప్రాసెసరుకు వెళ్లే తీగ కొసన ఎనిమిది రంధ్రాలు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే తీగ కొసనా ఎనిమిది రంధ్రాలే. ఒకటి నాలుగు నాలుగుగా విడుతుంది, రెండవది ఆరు రెండుగా విడుతుంది. లోపల ధన ఋణాలు తారుమారు. ఒకదాని చోట మరొకటి బలవంతంగా దూర్చితే ఆ భాగం దక్కదు. తీగ మీద ఏది దేనికో వ్రాసి ఉంటుంది. చత్వారం వచ్చినవారు భూతద్దం పెట్టుకొని అయినా చదవాలి.

ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ప్రాసెసరుతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో ఆటతో మొదలుపెట్టాలి. వస్తువు తేలకుండా ఛందస్సు ఎంచుకోవడం ఎందుకు? మనుమరాలిని జాబితా వ్రాయమన్నాను. మొదటిది "ఎల్డెన్ రింగ్". 2022లో వచ్చిన ఆ ఆటకు తయారీదారులు 16 జీబీ ర్యామ్ ఉండాలని సిఫారసు చేశారు. సెకనుకు అరవై చిత్రాలకు మించి అది చూపనే చూపదు. రెండవది "రాజి". పూణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో విడుదల చేసినది. తమ్ముణ్ణి వెదుక్కొంటూ అసురులతో పోరాడే ఒక అమ్మాయి కథ. మూడవది వాలరెంట్, దానికి పెద్ద కార్డు అవసరమే లేదు, కాని విండోస్ 11 మీద ఆడాలంటే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు రక్షణలు ఉండి తీరాలని పట్టుబడుతుంది. జాబితా చూశాక లెక్క తేలింది. 1080 తెర మీద అరవై చిత్రాలు చూపగల యంత్రం చాలు. 4కే ఊసు మనకు వద్దు.

అందుకు తగిన కార్డు ఆర్ఎక్స్ 6600. మెమొరీ 8 జీబీ, బాటలు ఎనిమిది, విద్యుత్తు 132 వాట్లు. దానికి 20,400 అయింది. మొత్తంలో మూడోవంతు పైమాటే. ఆటల యంత్రానికి అది న్యాయమైన వాటా. కార్డుకు పెట్టవలసినదాన్ని రంగుల ఫ్యాన్లకు, అద్దాలకు పెట్టడం లోకంలో జరిగే పెద్ద దుబారా.

ప్రాసెసరు దగ్గర మాకు వాదం జరిగింది. "ఏఎం4 పాతబడిపోయింది తాతయ్యా, 2022లోనే ఏఎం5 వచ్చింది. రేపు మార్చుకోవడానికి వీలుండదు" అన్నది పిల్ల. మాట నిజమే. కాని ఏఎం5కు డీడీఆర్5 తప్ప మరొకటి పట్టదు. నాడు బోర్డు ధరా ఎక్కువే, ర్యామ్ ధరా ఎక్కువే. ఆ తేడా అంతా కార్డు నుంచే కోసి ఇవ్వాలి. రేపటి సౌకర్యం కోసం నేటి ఆటను కుంటిది చేయడం నాకు సమ్మతం కాలేదు. పైగా ఏఎం4లోనే మరింత బలమైన ప్రాసెసర్లు ఉన్నాయి కదా అన్నాను. చివరికి రైజెన్ 5 5600 దగ్గర రాజీ కుదిరింది: ఆరు కోర్లు, 65 వాట్ల తరగతి, చల్లబరచే ఫ్యాను పెట్టెలోనే ఉంటుంది. ధర 11,600. ఒక్క అక్షరం జాగ్రత్త. 5600జీ అని మరొకటి ఉన్నది. దానిలో బొమ్మ చూపే శక్తి లోపలే ఇమిడి ఉంటుంది, 5600లో ఉండదు. ఇంటెల్ వారి పేర్ల చివర ఎఫ్ ఉంటే ఆ శక్తి లేదని అర్థం. ప్రత్యయం మారితే అర్థం మారడం మనకు కొత్త కాదు కదా!

బోర్డు విషయంలో నేను పట్టుదలగా ఉన్నాను. చవకగా దొరికే ఏ520 బోర్డులో దారి మూడో తరమే. బి550లో కార్డుకు నాలుగో తరం. 6600కు ఆ తేడా వల్ల కలిగే నష్టం స్వల్పమేనని ఒప్పుకొంటాను. అయినా మేము ఎంచిన బి550లో ర్యామ్ అరలు నాలుగు, ఎం.2 అరలు రెండు ఉన్నాయి. పిల్ల పెరుగుతుందని రెండంగుళాలు మడత పెట్టి లంగా కుట్టించినట్లు. మరొక సూక్ష్మం: బి550 బోర్డులు 2020లో వచ్చాయి, 5600 ప్రాసెసరు 2022 ఏప్రిల్‌లో వచ్చింది. దుకాణంలో చాలాకాలంగా పడివున్న బోర్డు అయితే దానిలోని బయోస్‌కు ఈ ప్రాసెసరు తెలియదు. కాళ్లు కుదిరినా గుర్తుపట్టదు, తెర వెలగదు. భాగం చెడిపోయిందనుకొని జనం కంగారుపడేది ఇక్కడే. బయోస్ కొత్తదేనా అని కొనకముందే అడగాలి. లేదా ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవుతో బయోస్ మార్చుకొనే మీట ఉన్న బోర్డు కొనాలి.

ర్యామ్ గురించి రెండు ముక్కలు. ఒకే 16 జీబీ పలక కంటె ఎనిమిది ఎనిమిదిగా రెండు పలకలు మేలు, రెండు దారుల్లో పని జరుగుతుంది. నాలుగు అరలుంటే సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి రెండవ, నాలుగవ అరల్లో పెట్టాలి. పెట్టె మీద 3200 అని ఉన్నా చాలా పలకలు మొదట తక్కువ వేగంతోనే నడుస్తాయి. బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే అంశాన్ని తెరిస్తేనే పూర్తి వేగం.

ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర మాత్రం బేరాలు వద్దని నా విన్నపం. లెక్క చూడండి. ప్రాసెసరు పూర్తి భారంలో 76 వాట్లు, కార్డు 132, మిగిలినవన్నీ కలిపి యాభై అరవై. మూడువందలు దాటదు. అలాగైతే 450 వాట్లు అని వ్రాసివున్న పన్నెండువందల రూపాయల పెట్టె ఎందుకు చాలదు? చాలదు. కార్డుకూ ప్రాసెసరుకూ కావలసినది 12 వోల్టుల విద్యుత్తు. చవక పెట్టెల మీది అంకె అన్ని వోల్టులనూ కలిపి గొప్పగా వ్రాసినది. పక్కనున్న పట్టికలో 12 వోల్టుల వరుసలో అసలు బండారం ఉంటుంది. పైగా కార్డు క్షణకాలం తన అంకెను మించి లాగుతుంది. నాసిరకం పెట్టె అప్పుడు ఆగిపోతే అదృష్టం. ఆగకుండా పేలితే తోడుగా కార్డునూ బోర్డునూ తీసుకుపోతుంది. మేము 550 వాట్లది, అయిదేళ్ల వారంటీ ఉన్నది 4,300 పెట్టి కొన్నాము. పెట్టె మీది "బ్రాంజ్" ముద్ర విద్యుత్తు ఎంత వృథా కాదో చెప్పేది మాత్రమే. నాణ్యతకు అదొక్కటే సాక్ష్యం కాదు.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు మే నెలలో ఇద్దరం రెండుసార్లు వెళ్లాము. మొదటిసారి కేవలం ధరలు వ్రాసుకోవడానికి. ఎర్రటి ఎండలో నాతోపాటు తిరిగిన పిల్ల చేతిలో ఒక చీటీ. ప్రతి భాగం పక్కన "దీనికి ఏది కావాలి, ఇది దేనికి కావాలి" అని రెండు గడులు. కార్డు పొడవెంత, క్యాబినెట్టులో ఎంత పొడవు పడుతుంది అన్నదీ అందులో ఉన్నది. రెండవసారి కొన్నాము. బోర్డు 9,300, ర్యామ్ 3,500, ఒక టీబీ ఎన్‌విఎమ్ఈ 5,300, క్యాబినెట్టు 3,400. బిల్లులన్నీ అడిగి తీసుకొన్నాము, పెట్టెల మీది సంఖ్యలతో సరిచూసుకొన్నాము. అల్లుడి ప్రశ్నకు మా వద్దనున్న జవాబు అదే: ఒకటి పనిచేయకపోతే ఆ ఒక్కదాని బిల్లు పట్టుకొని అడుగుతాము.

కూర్చే రోజున భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరచుకొన్నాము. పిల్ల ప్రాసెసరును వెలికి తీసి వెనక్కు తిప్పింది. ఏఎం4 ప్రాసెసరుకు అడుగున 1331 సూదులు, వాటికి బంగారు పూత. "అమ్మా, చూడు, అమ్మమ్మ డబ్బుకు బంగారమే వచ్చింది" అని కేక పెట్టింది. మా అమ్మాయి వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసి ఏమీ అనకుండా నిలబడింది. ఈ ప్రాసెసరుతో వచ్చే ఫ్యాను బిగించాలంటే బోర్డు మీద ముందే ఉన్న రెండు ప్లాస్టిక్ పట్టీలను విప్పాలి. అవి విప్పగానే వెనుకనున్న లోహపు పలక పట్టు తప్పి కిందికి జారుతుంది. దాన్ని ఒకరు వెనుక నుంచి నొక్కి పట్టుకోవాలి, ఒకరు బోర్డును నిలబెట్టాలి, మరొకరు నాలుగు మరలను మూలమూలకు మార్చి మార్చి బిగించాలి. మేము ఇద్దరమే. నా వేళ్లకు కొంచెం వణుకు. "జరుగు నాన్నా" అని అమ్మాయి చేతులు తుడుచుకొని వచ్చి పలక పట్టుకొన్నది. మరలు బిగిసేదాకా కదలలేదు. తరువాత తీగలు సర్దడమంతా ఆమే చేసింది; పూలదండలు కట్టిన చేతులు, నా కంటె నేర్పుగా సర్దింది.

తెర సంగతి చెప్పనే లేదు. మా ఇంట ఉన్నది నేను తెలుగు టైపు నేర్చుకొన్ననాటి పందొమ్మిదంగుళాల తెర. దాని వెనుక నీలిరంగు వీజీఏ ఒక్కటే. కొత్త కార్డుకు వీజీఏ లేదు. ఈ సంగతి చీటీలో ముందే ఉన్నది కాబట్టి 450 రూపాయల మారకపు ముక్క ఒకటి కొనివుంచాము. దానితో మొత్తం 58,250. తీగను బోర్డు వెనుక పెట్టకూడదు, కార్డు వెనుక పెట్టాలి. 5600తో బోర్డు మీది హెచ్‌డీఎంఐ నుంచి ఏ బొమ్మా రాదు. మీట నొక్కాక కొన్ని క్షణాలు తెర నల్లగానే ఉన్నది. ఆ క్షణాలలో నాకు తపాలా కార్యాలయపు పాసుపుస్తకంలో ఆమె సంతకం కనిపించింది. తరువాత బయోస్ అక్షరాలు వచ్చాయి. విండోస్ లైసెన్సు తన వంతని అల్లుడు ఆ సాయంత్రమే కొన్నాడు. ఆ ఏడాది దసరాకు నా పింఛనులోంచి 1080 తెర వచ్చింది.

ఇక్కడ వ్రాసినవి 2024 ధరలని మరచిపోవద్దు. 2025 చివరి నెలల నుంచి మెమొరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే కేంద్రాలు సరుకంతా తోడేస్తున్నాయి. మొన్న పక్కింటివారి అబ్బాయి తన 40,000తో ఏమి కొనాలని మా మనుమరాలిని అడగడానికి వచ్చాడు. చీటీ తీసింది. కార్డు ఊసు ఇప్పుడు ఎత్తకుండా 5600జీతో మొదలుపెట్టమన్నది. బొమ్మ చూపే పనికి ర్యామ్‌నే వాడుకొంటుంది కాబట్టి అందులో రెండు పలకలు తప్పనిసరి అన్నది. అయితే దాని దారి మూడో తరమేనని, రేపు కార్డు పెట్టేటప్పుడు బాటలు లెక్కపెట్టుకొమ్మని హెచ్చరించింది. ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం ఇప్పుడే మంచిది కొనమన్నది. ఆ కుర్రవాడు ధరలన్నీ వ్రాసుకొని, అద్దాల క్యాబినెట్టు మాత్రం ఉండవలసిందేనని పట్టుబట్టాడు. వాదం ఇంకా తేలలేదు.